312 మ్యాచ్‌లు ఆడిన కెప్టెన్ మెడలో కోచ్ తన మెడల్ ఎందుకు వేశాడు?

నల్లకుంట నైట్‌షిఫ్ట్ (ప్రశ్న):

నమస్తే అందరికీ. మాది హైదరాబాద్. ఆఫీసులో మెల్‌బోర్న్ టీమ్‌తో పని. అక్కడ ఒక మేనేజర్ ఉన్నాడు, సోమవారం మీటింగ్ అంటే మొదట కాసేపు వాళ్ల ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) కబుర్లే. కోడిగుడ్డు ఆకారం బంతి, చేతుల్లేని జెర్సీలు, ఒక్కో వైపు నాలుగు స్తంభాలు... ఆ ఆట గురించి నాకు తెలిసింది అంతే.

మొన్న ఆయన ఒక వీడియో పంపించాడు. 2016 గ్రాండ్ ఫైనల్ అయిపోయింది, వెస్టర్న్ బుల్‌డాగ్స్ గెలిచారు. స్టేజీ మీద కోచ్‌కి మెడల్ వేశారు. ఆయన మైకులో బాబ్ మర్ఫీ అని ఒకర్ని పైకి పిలిచి, తన మెడలోంచి తీసి అతని మెడలో వేసేశాడు. స్టేడియం అంతా ఒకటే గోల. ఇది చూసి కళ్లు తడవని వాడు మనిషే కాదని మా మేనేజర్ కింద రాశాడు. నాకేమో తలా తోకా తెలియలేదు.

నా డౌట్లు ఇవీ. ఆ మర్ఫీ అదే టీమ్‌కి కెప్టెన్ అట, మరి ఫైనల్ ఎందుకు ఆడలేదు? ఆడకపోతే మాత్రం మెడల్ ఇవ్వరా? క్రికెట్ వరల్డ్ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని వాళ్లకి ఇస్తారుగా. అసలు ఈ ఆటలో ఒకడి కెరీర్ ఎలా మొదలవుతుంది, ఎలా ముగుస్తుంది? గూగుల్ చేస్తే అన్నీ అంకెలే, మనిషి కనపడటం లేదు. అక్కడ ఉంటున్న వాళ్లెవరైనా మనకి అర్థమయ్యేలా చెబుతారా?


బార్క్లీ స్ట్రీట్ బాబాయ్:

తమ్ముడూ, నువ్వడిగింది మా ఇంటి మనిషి గురించి. మాది తెనాలి దగ్గర. చదువుకోడానికి మెల్‌బోర్న్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మొదట టాక్సీ, ఇప్పుడు లోకల్ రైలు నడుపుతాను. ఇల్లు వెస్ట్ ఫుట్‌స్క్రేలో. బుల్‌డాగ్స్ వాళ్ల మైదానం విట్టెన్ ఓవల్ మా స్టేషన్‌కి దగ్గర్లోనే ఉంటుంది. నాకు క్లబ్ మెంబర్‌షిప్ కూడా ఉంది కాబట్టి నా మాటల్లో పక్షపాతం తప్పదు, ముందే చెప్పేస్తున్నా.

మెడల్ సంగతి మొదట తేల్చేద్దాం. ఈ ఆటలో ప్రీమియర్‌షిప్ మెడల్, అంటే కప్పు గెలిచినందుకు ఇచ్చేది, గ్రాండ్ ఫైనల్ రోజు జట్టులో ఆడిన వాళ్లకే. ఏడాదంతా ఆడి ఆ ఒక్క రోజు లేకపోతే నీకేమీ రాదు. ఏడాదంతా ఆడకుండా ఆ ఒక్క రోజు ఆడితే వస్తుంది. అతిశయోక్తి కాదు, 2019లో రిచ్‌మండ్ తరఫున మార్లియన్ పికెట్ అనే ఆయన తన మొట్టమొదటి మ్యాచే గ్రాండ్ ఫైనల్ ఆడాడు, గెలిచాడు, మెడల్ తీసుకుని ఇంటికెళ్లాడు. మర్ఫీ 312 ఆడాడు. అందులో ఒక్కటి కూడా గ్రాండ్ ఫైనల్ కాదు. గాయపడ్డ వాళ్లకి కూడా ఇవ్వాలని ఇక్కడ ఎప్పుడూ వాదన నడుస్తూనే ఉంటుంది. నన్నడిగితే ఇవ్వకపోవడమే మంచిది, ఆ మెడల్‌కి విలువ ఉన్నదే అందుకు. కోచ్‌కి ఇచ్చేది వేరే, దాన్ని జాక్ మెక్‌హేల్ మెడల్ అంటారు. కోచ్ లూక్ బెవరిడ్జ్ మర్ఫీ మెడలో వేసింది దాన్ని.

ఇక మనిషి సంగతి. మర్ఫీది వారగుల్, మెల్‌బోర్న్‌కి తూర్పున వంద కిలోమీటర్ల దూరంలో గిప్స్‌లాండ్‌లో చిన్న ఊరు. పాడి ఆవులు, పచ్చిక, వాన. అక్కడ గిప్స్‌లాండ్ పవర్ అనే అండర్ 18 జట్టుకి ఆడాడు. 1999 నవంబర్ డ్రాఫ్ట్‌లో 13వ నంబర్‌గా బుల్‌డాగ్స్ తీసుకున్నారు. అప్పటికి పదిహేడేళ్లు. సన్నగా, పొడుగ్గా, గాలొస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు. డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం కాదు, ఇక్కడ డబ్బు పాట పాడరు. కిందటి ఏడాది అట్టడుగున ఉన్న జట్టుకి మొదటి ఛాన్స్, కప్పు గెలిచిన జట్టుకి ఆఖరి ఛాన్స్. కుర్రాడికి ఇష్టాయిష్టాలు ఉండవు. మెల్‌బోర్న్ పిల్లాణ్ణి పెర్త్ జట్టు పిలిస్తే మూడు వేల కిలోమీటర్లు వెళ్లిపోవాల్సిందే. మర్ఫీ అదృష్టం బాగుండి ఇంటికి గంటన్నర దూరంలో పడ్డాడు.

అదృష్టం అన్నాను గానీ, పడింది ఏ క్లబ్‌లో అనుకున్నావు? అప్పటికి బుల్‌డాగ్స్ కప్పు గెలిచింది 1954లో, ఒకే ఒక్కసారి. 1989లో అయితే డబ్బుల్లేక ఈ క్లబ్‌ని ఫిట్జ్‌రాయ్‌తో కలిపేయబోయారు. ఫ్యాక్టరీ కూలీలు, వలస వచ్చినవాళ్లు ఉండే పేట ఇది. జనం డబ్బాలు పట్టుకుని వీధి వీధీ తిరిగి చందాలు పోగేసి నిలబెట్టుకున్నారు. ఇప్పటికీ ముసలివాళ్లు ఆ సంగతి నిన్న జరిగినట్టే చెబుతారు.

మర్ఫీ 2000లో మొదటి మ్యాచ్ ఆడాడు. 2003లో జట్టు పట్టికలో అన్నిటికంటే అడుగున నిలిచింది. పద్ధెనిమిది సీజన్లలో ఎంతమంది కోచ్‌ల కింద ఆడాడో చూడు: వాలెస్, రోడీ, ఈడ్, మెకార్ట్నీ, బెవరిడ్జ్. ఒక్కొక్కరు వచ్చి ఒక్కో పద్ధతి. మొదట్లో ఫార్వర్డ్‌గా ఆడించారు, తర్వాత వెనక్కి తెచ్చి డిఫెన్స్‌లో పెట్టారు. అక్కడే కుదురుకున్నాడు. ఎదుటివాళ్లు కొట్టిన బంతిని అందుకుని, మెలికలు తిరుగుతూ పరిగెత్తి, నలభై యాభై మీటర్ల అవతల మనవాడి చేతిలో పడేలా తన్నడం అతని ఆట. టాకిల్ చేయబోయిన వాడు ఎక్కువసార్లు గాలినే పట్టుకునేవాడు. 2011లో ఆ ఏటి మేటి జట్టు, అంటే ఆల్ ఆస్ట్రేలియన్ టీమ్‌లో చోటొచ్చింది. మధ్యలో ఏజ్ పత్రికలో కాలమ్ కూడా రాసేవాడు. నేను ఈ ఆట అర్థం చేసుకున్నది సగం ఆ కాలమ్స్ చదివే. టాక్సీ స్టాండులో ఖాళీగా ఉన్నప్పుడు పాసింజర్లు వదిలేసిన పేపర్లే నాకు పాఠ్యపుస్తకాలు.

2006లో మోకాలు పోయింది మొదటిసారి. ఏసీఎల్ అంటారు చూడు, మోకాలి లోపలి లిగమెంట్, అది. ఆ ఏడాది జట్టు ఫైనల్స్‌కి, అంటే సీజన్ చివర పైనున్న జట్లు ఆడే నాకౌట్ మ్యాచ్‌లకి, వెళ్లింది, ఇతను లేడు. 2008, 2009, 2010... వరసగా మూడేళ్లు గ్రాండ్ ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద ఓడిపోయారు. 2009లో సెయింట్ కిల్డా మీద ఏడు పాయింట్లు, ఏడంటే ఏడు. ఒక గోల్‌కే ఆరు పాయింట్లు ఇక్కడ, లెక్క వేసుకో. ఆ తర్వాత జట్టు మళ్లీ పాతాళానికి. 2014 చివర్లో కెప్టెన్ రయన్ గ్రిఫెన్ నేను వెళ్లిపోతానని సిడ్నీ జట్టు జీడబ్ల్యూఎస్‌కి వెళ్లాడు, మర్నాడే కోచ్ మెకార్ట్నీ దిగిపోయాడు. ఇల్లు కాలిపోతున్నప్పుడు తాళం చెవులు చేతికిచ్చినట్టు మర్ఫీని కెప్టెన్ చేశారు. అప్పటికి ముప్పై రెండేళ్లు, ఈ ఆటలో అది ముసలితనమే.

తర్వాత జరిగింది ఎవరూ అనుకోనిది. బెవరిడ్జ్ వచ్చాడు, జట్టు ఉరకలేసింది. 2015లో ఫైనల్స్. ఆ ఏడు ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకి మర్ఫీయే కెప్టెన్. 2016 మొదలైంది, మొదటి రెండూ గెలిచారు. మూడోది హాథార్న్ మీద, డాక్‌లాండ్స్ స్టేడియంలో. ఆఖరి నిమిషాలు, బంతి గాల్లో ఉంది, మర్ఫీ వెనక్కి పరిగెత్తి కాలు నేల మీద ఆనించాడు. మోకాలు పక్కకి తిరిగిపోయింది. పడిపోయిన మనిషి మొహం చూస్తేనే అందరికీ తెలిసిపోయింది. అదే పూటలో హాథార్న్ మూడు పాయింట్లతో గెలిచింది. ఏప్రిల్‌లోనే అతని సీజన్ అయిపోయింది.

అక్కణ్ణుంచి జట్టు ఏడో స్థానంలో ఫైనల్స్‌కి చేరింది. ఏడో స్థానం నుంచి అంతకుముందు కప్పు గెలిచిన వాళ్లు లేరు. పెర్త్ వెళ్లి వెస్ట్ కోస్ట్‌ని కొట్టారు. వరసగా మూడేళ్లు చాంపియన్లైన హాథార్న్‌ని కొట్టారు. సిడ్నీ వెళ్లి జీడబ్ల్యూఎస్‌ని ఆరు పాయింట్లతో. అక్టోబర్ 1న ఎంసీజీలో సిడ్నీ స్వాన్స్ మీద 89-67. స్టేడియంలో 99,981 మంది. ఆ వారం మా బార్క్లీ స్ట్రీట్ చూడాల్సింది. నీకు తెలుసో లేదో, ఇక్కడ వరసగా ఇండియన్ హోటళ్లే. మసాలా దోశ బోర్డు మీద కూడా ఎరుపు, తెలుపు, నీలం రిబ్బన్లు. పప్పుల కొట్లో పెద్దాయన ఆట ఓనమాలు తెలియకపోయినా కండువా వేసుకుని కూర్చున్నాడు.

నాకు ఆ రోజు డ్యూటీ పడింది. సాయంత్రం సిటీ నుంచి పడమటి వైపు బండి తీస్తే పెట్టెలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. డ్రైవర్ క్యాబ్ తలుపు మీద ఒకటే దరువు, క్లబ్ పాట ఆపడం లేదు. ఫుట్‌స్క్రేలో ఒకావిడ, డెబ్బై దాటి ఉంటుంది, దిగి ప్లాట్‌ఫాం మీద నడుచుకుంటూ నా కిటికీ దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్లిపోయింది. మాటేమీ లేదు. నేను నడిపింది రైలే అయినా కప్పు నేనే గెలిచినట్టు. నువ్వు చూసిన ఆ వీడియో నేను చూసింది షిఫ్ట్ అయ్యాక, డిపో భోజనాల గదిలో, ఫోన్‌లో.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతా, మీ మేనేజర్‌కి నచ్చకపోవచ్చు. ఆ వీడియో చూసి అందరూ మర్ఫీ మీద జాలిపడతారు. నాకు జాలి రాదు. ఆ రోజు సంతోషంతో పాటు బాధ కూడా ఉందని తనే దాచుకోకుండా చెప్పాడు, నిజమే. మెడల్ కూడా ఉంచుకోలేదు, కోచ్‌కి తిరిగిచ్చేశాడు. అది ఇప్పుడు క్లబ్ మ్యూజియంలో ఉంది. కానీ 312 మ్యాచ్‌లు, ఒకే క్లబ్, సొంత ఊరికి దగ్గర, కెప్టెన్సీ, ఆపరేషన్ తర్వాత మళ్లీ వచ్చి 2017 సీజన్ ఆడి తన ఇష్ట ప్రకారం ఆపడం... ఈ ఆటలో ఇంతకంటే మంచి కెరీర్ వందలో ఒకరిద్దరికే దొరుకుతుంది. జాలి పడాలంటే అదే జట్టులో మిచ్ వాలిస్ ఉన్నాడు. వాళ్ల నాన్న కూడా ఈ క్లబ్‌కే ఆడాడు. అదే ఏడాది జూలైలో కాలి ఎముక విరిగి అతనూ గ్రాండ్ ఫైనల్ పోగొట్టుకున్నాడు. అతన్ని స్టేజీ మీదికి ఎవరూ పిలవలేదు. తర్వాత ఇంకా చాలా ఏళ్లు ఆడాడు, మళ్లీ ఆ అవకాశం అతని చేతికి రాలేదు.


జీలాంగ్ ఫిజియో:

బాబాయ్ గారు బుల్‌డాగ్స్ వీరాభిమాని కాబట్టి మోకాలి గురించి రెండు ముక్కల్లో తేల్చేశారు. నా బతుకుతెరువే అది, కొంచెం చెప్పనివ్వండి. నేను విజయవాడ అమ్మాయిని, ఇక్కడ ఫిజియోథెరపిస్ట్‌ని. అభిమానం మాత్రం జీలాంగ్ మీద.

ఈ ఆటలో ఏసీఎల్ ఎక్కువగా తెగేది ఎవరో గుద్దితే కాదు. పరిగెత్తుతూ ఒక్కసారిగా ఆగినప్పుడు, దిశ మార్చినప్పుడు, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు. గ్రౌండ్ పొడవు 160 మీటర్ల దగ్గర ఉంటుంది, మిడ్‌ఫీల్డర్ ఒక్క మ్యాచ్‌లో పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పరిగెడతాడు, అందులో ఎన్ని మలుపులో ఆలోచించండి. తెగిన లిగమెంట్ తనంతట తాను అతుక్కోవడం కష్టం. ఆటగాళ్లకైతే ఎక్కువగా తొడ వెనక నరం లాంటి కండరపు తాడు తీసి కొత్తది తయారుచేస్తారు. మళ్లీ ఆడటానికి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. మొదటి వారాల్లో మా పని ఏంటో తెలుసా? కాలు పూర్తిగా చాపించడం. అంతే. ఎంసీజీలో లక్షమంది ముందు ఎగిరినవాడు మంచం మీద కూర్చుని, మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, మోకాలిని పరుపుకి ఆనించడానికి పళ్లు బిగబడతాడు.

మర్ఫీది చూసి అయ్యో అన్నవాళ్లు అలెక్స్ జాన్సన్ గురించి తెలుసుకోవాలి. సిడ్నీ స్వాన్స్ కుర్రాడు. 2012లో ఇరవై ఏళ్లకే గ్రాండ్ ఫైనల్ ఆడి మెడల్ గెలిచాడు. తర్వాత ఎడమ మోకాలికి ఒకటి తర్వాత ఒకటి ఐదు ఆపరేషన్లు. దాదాపు ఆరేళ్లకి 2018 ఆగస్టులో మళ్లీ గ్రౌండ్‌లోకి దిగాడు. ప్రత్యర్థి జట్టు అభిమానులు కూడా చప్పట్లు కొట్టారు. తర్వాతి వారం రెండో మ్యాచ్‌లో కుడి మోకాలు పోయింది. అక్కడితో సరి. మెడల్ ఉంది, ఆడినవి యాభై లోపే. మర్ఫీకి మెడల్ లేదు, 312 ఉన్నాయి. ఏది కావాలని అడిగితే నా దగ్గరికొచ్చే కుర్రాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు.


నల్లకుంట నైట్‌షిఫ్ట్:

అమ్మో, ఇంత ఉందా! థాంక్స్ బాబాయ్, థాంక్స్ అక్కా. ఇంకొక్కటి. డబ్బు సంగతి? మన క్రికెటర్లలా కోట్లు వస్తాయా? ముప్పై ఏళ్లకి ఆపేశాక వీళ్లంతా ఏం చేస్తారు?


బార్క్లీ స్ట్రీట్ బాబాయ్:

కోట్లు అంటే మన రూపాయల్లో లెక్కేస్తే వస్తాయిలే. పద్ధెనిమిది క్లబ్బులు, ఒక్కో దాంట్లో నలభై చిల్లర మంది. అంటే దేశం మొత్తం మీద ఎనిమిది వందల ఉద్యోగాలే. తాస్మానియా జట్టు 2028లో వచ్చాక ఇంకొన్ని. ఏటా డ్రాఫ్ట్‌లో అరవై చిల్లర మంది లోపలికొస్తారు, దాదాపు అంతమంది బయటికి పోవాలి కదా. ఆగస్టు, సెప్టెంబర్ వచ్చిందంటే లిస్టులో అడుగున ఉన్నవాళ్లకి టెన్షన్. మేనేజర్ ఆఫీసుకి రమ్మంటే ఎందుకో చెప్పక్కర్లేదు.

కొత్త కుర్రాడికి ఏడాదికి లక్ష డాలర్ల పైమాట. 2023లో ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం సగటు జీతం 2027కి ఐదు లక్షల డాలర్లు దాటుతుంది. సగటు అనే మాట మోసం చేస్తుంది తమ్ముడూ, పైన పది మందికి పది లక్షలు వస్తే కింద చాలామంది రెండు లక్షల దగ్గరే. అదీ ఆడినన్నాళ్లే. ఒక్కో క్లబ్ మొత్తం జీతాలకి పరిమితి ఉంటుంది, యజమాని దగ్గర డబ్బుందని కొనేసుకోడానికి లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి టామ్ బాయిడ్ గురించి చెప్పకుండా ఉండలేను. 2013 డ్రాఫ్ట్‌లో నంబర్ వన్. రెండు మీటర్ల మనిషి. ఇందాక చెప్పానే, గ్రిఫెన్ వెళ్లిపోయాడని, అతనికి బదులుగా మా దగ్గరికి వచ్చింది ఇతనే. ఏడేళ్లకి దాదాపు 70 లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. అప్పటికి పంతొమ్మిదేళ్లు, ఆడింది తొమ్మిది మ్యాచ్‌లు. ఇక చూడు, ఒక్క మార్క్ (తన్నిన బంతిని గాల్లోనే పట్టే క్యాచ్) జారవిడిచినా జనం జీతం లెక్కలు తీసేవారు. మా డిపోలో కూడా, నేను కూడా కలిసి. అదే బాయిడ్ 2016 గ్రాండ్ ఫైనల్లో చెలరేగిపోయాడు. చివరి క్వార్టర్‌లో డేల్ మోరిస్ వెళ్లి స్వాన్స్ స్టార్ ఫ్రాంక్లిన్‌ని పట్టేశాడు. మోరిస్ ఆ రోజు వెన్నెముకలో పగుళ్లతో ఆడుతున్నాడు, తర్వాత తెలిసింది. జారిన బంతి బాయిడ్‌కి దొరికింది. గోల్ ఎక్కడో ఉంది. తలెత్తి ఒక్క తన్ను తన్నాడు. బంతి నేల మీద పడి, ఎటు పోతుందో తెలియకుండా గెంతుకుంటూ వెళ్లి స్తంభాల మధ్యలోంచి దూరింది. మ్యాచ్ అక్కడే అయిపోయింది. ఆ రోజు మూడు గోల్స్ అతనివి.

మరుసటి ఏడాదే మానసిక ఆరోగ్యం బాగాలేదని బయటికి చెప్పి కొన్నాళ్లు ఆట ఆపాడు. నిద్ర పట్టడం లేదు, నడుం నొప్పి. 2019 మేలో, ఇరవై మూడేళ్ల వయసులో, ఇంకా రెండేళ్ల పైన కాంట్రాక్ట్ మిగిలి ఉండగానే ఇక చాలు అనేశాడు. మొత్తం 61 మ్యాచ్‌లు. ఇప్పుడు మానసిక ఆరోగ్యం గురించి ఉపన్యాసాలు ఇస్తుంటాడు. ఆ డబ్బు వదులుకున్న రోజు మా డిపోలో ఎవరూ జీతం గురించి ఎత్తలేదు.

ఆపేశాక ఏం చేస్తారంటావా? కొందరు టీవీలో, రేడియోలో మాట్లాడతారు. మర్ఫీ కొన్నాళ్లు అదే చేసి, తర్వాత పెర్త్ వైపు ఫ్రీమాంటిల్ క్లబ్‌లో కుర్రాళ్లకి నాయకత్వం నేర్పే పనికి వెళ్లాడు. కొందరు కోచ్‌లు. ఎక్కువమంది మామూలు ఉద్యోగాలే, వడ్రంగం, ఇళ్ల అమ్మకాలు, స్కూల్లో టీచర్, ఫైర్ సర్వీస్. ఆడుతుండగానే చదువుకోమని ఆటగాళ్ల సంఘం వెంటపడుతుంది. ఊరి జట్లు కూడా మాజీలని పిలిచి శనివారం మ్యాచ్‌కి ఇంత అని ఇస్తాయి, నలభై దాకా అలా లాగేవాళ్లు ఉన్నారు.


టార్నీట్ అమ్మ:

అన్నయ్యగారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకి పదమూడు. స్కూల్లో స్నేహితులతో మొదలుపెట్టి ఇప్పుడు క్లబ్‌లో అండర్ 14 ఆడుతున్నాడు. వేగంగా పరిగెడుతున్నాడు, వదలొద్దని కోచ్ అన్నారు. అప్పట్నుంచి ఏఎఫ్ఎల్ (ఈ ఆట పెద్ద లీగ్) ప్లేయర్ అవుతానని ఒకటే గోల. మావారేమో ఎముకలు విరగ్గొట్టుకోడానికా ఇంత దూరం వచ్చిందంటారు. సెలెక్టివ్ స్కూల్ (పరీక్ష పెట్టి చేర్చుకునే గవర్నమెంట్ స్కూల్) కోచింగ్ కూడా ఆదివారమే. పాప కూడా ఆడతానంటోంది, దానికి ఎనిమిది. తలకి దెబ్బలు తగులుతాయని నాకు భయం. పైవన్నీ చదివాక భయం ఎక్కువైంది, నిజం చెప్పాలంటే. మన పిల్లలకి అసలు దారి ఉందా?


బార్క్లీ స్ట్రీట్ బాబాయ్:

చెల్లెమ్మా, దారి ఉంది, అది చివరిదాకా చాలా ఇరుకు. రెండూ నిజమే.

మీ బాబు ఇప్పుడున్న క్లబ్ తర్వాత మెట్టు వెస్టర్న్ జెట్స్. మన పడమటి పేటల పిల్లల్ని ఎంచుకుని అండర్ 18 దాకా ఆడించే జట్టు అది, మర్ఫీకి గిప్స్‌లాండ్ పవర్ ఎలాగో అలాగ. ఇంకొకటి, ఏఎఫ్ఎల్ క్లబ్బులు నెక్స్ట్ జనరేషన్ అకాడమీ అని నడుపుతాయి. అమ్మానాన్నల్లో ఒకరు ఆసియాలోనో ఆఫ్రికాలోనో పుట్టి ఉంటే ఆ పిల్లలకి అందులో అవకాశం ఉంటుంది. మనవాళ్లు చాలామందికి ఈ సంగతే తెలియదు. మీ క్లబ్ సెక్రటరీని అడగండి, మీ ప్రాంతం ఏ క్లబ్ కిందికి వస్తుందో చెబుతారు. పదమూడేళ్లకి ఎవరూ ఏదీ తేల్చలేరు. పదిహేడు దాకా చూస్తే గానీ ఎత్తు తెలియదు, వేగం నిలుస్తుందో లేదో తెలియదు. అందుకని కోచింగ్ మాన్పించకండి, ఆట కూడా మాన్పించకండి. ఏ రెండు గంటలు ఎటు జరపాలో మీ ఇంటి లెక్క.

పాపకైతే చిన్నపిల్లలకి ఆట నేర్పే ఆస్‌కిక్ ఉంది, ఐదేళ్ల నుంచి చేర్చుకుంటారు. టాకిల్ చేయడం లాంటివి ఆ వయసులో ఉండవు. ఆడవాళ్ల లీగ్ 2017లో మొదలైంది. మొదటి మ్యాచ్‌కే స్టేడియం నిండిపోయి గేట్లు మూసేశారు. జీతాలు మాత్రం మగవాళ్లతో పోలిస్తే ఇంకా చాలా తక్కువ, ఎక్కువమంది ఉద్యోగం చేసుకుంటూనే ఆడతారు.

తల దెబ్బ విషయంలో మీ భయం సరైనదే, దాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. మెల్‌బోర్న్ జట్టు ఆటగాడు ఆంగస్ బ్రేషా 2021లో కప్పు గెలిచాడు, 2023 ఫైనల్స్‌లో తలకి దెబ్బ తగిలి 2024లో ఇరవై ఎనిమిదేళ్లకే డాక్టర్ల మాట మీద ఆపేయాల్సి వచ్చింది. పెద్ద లీగ్‌లో తలకి దెబ్బ తగిలితే కనీసం పన్నెండు రోజులు పక్కన పెడతారు, పిల్లల ఆటలో 21 రోజులు. కళ్లు తిరిగాయని బాబు చెప్పినా చెప్పకపోయినా, తడబడినట్టు మీకనిపిస్తే కోచ్ ఏమన్నా సరే బయటికి తీసుకొచ్చేయండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు, అనడానికి లేదు. మౌత్‌గార్డ్ షాపులో కొనేది వద్దు, పళ్ల డాక్టర్ దగ్గర కొలతిచ్చి చేయించండి. ఈ వయసులో పళ్లు మారుతుంటాయి కాబట్టి ఏటా సరిచూడండి.

మీవారి సంగతంటారా? ఇక్కడ పిల్లల మ్యాచ్‌లకి పనులన్నీ తల్లిదండ్రులే చేయాలి. కమలాపండ్లు కోయడం, క్యాంటీన్, బౌండరీ దగ్గర నీళ్లు. ఆయన పేరు గోల్ అంపైర్ డ్యూటీకి రాయించండి. తెల్ల కోటు వేసుకుని స్తంభాల వెనక నిలబడాలి, గోల్ అయితే రెండు జెండాలు, బిహైండ్ (పక్క స్తంభాల మధ్యలోంచి పోతే వచ్చే ఒక్క పాయింటు) అయితే ఒకటి. మొదటి వారం మొహం ముడుచుకుంటారు. రెండో వారానికి ఎదుటి జట్టు వాళ్లతో అది స్తంభానికి తగిలిందా లేదా అని వాదించడం మొదలుపెడతారు, నాది పూచీ.